ఆడపడుచు ఇచ్చిన బట్టలకు కత్తెర పెట్టవచ్చా?

ఖమ్మం జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక ఇల్లాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆమెకు ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. భర్తకు ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ఇంటి అద్దె, పాప బడి ఫీజు పోగా చేతిలో మిగిలేది తక్కువ కాబట్టి పిల్లలకు కొత్త బట్టలు పండుగలకూ పుట్టినరోజులకూ మాత్రమే కొంటారు. హైదరాబాదులో ఉంటున్న ఆడపడుచు తన పదేళ్ల కూతురికి పొట్టి అయిపోయిన బట్టలను ఏటా వేసవి సెలవుల్లో రెండు సంచుల నిండా తెచ్చి ఇస్తారు. ఇన్నాళ్లూ అవే ఇంటికి ఆసరా అయ్యాయి. మొన్నటి సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు మేనత్త కూతురు పాపను చూసి, బంధువులందరి ముందు, "అది నా గౌను, నేను చిన్నప్పుడు వేసుకున్నది" అన్నది. పాప లోపలికి వెళ్లి గౌను విప్పేసింది. అప్పటినుంచి "వదిన బట్టలు నాకొద్దు" అని సంచి ముట్టనివ్వడం లేదు.

ఇంట్లో అత్తగారి కాలి మిషను మూలన ఉంది. దిండు గలీబులూ చీర ఫాల్సూ కుట్టగలిగినంత పని ఈమెకు వచ్చు. ఆ బట్టలనే కాస్త మార్చి కుడదామంటే, "మంచి బట్టకు కత్తెర పెట్టకు, ఇచ్చినావిడ చూస్తే ఏమనుకుంటుంది" అని అత్తగారు అడ్డుపడుతున్నారు. సంచిలో ఆడపడుచు ముచ్చటపడి కొన్న పట్టు పరికిణీ కూడా ఒకటి ఉంది. బాబు వంతుకు పువ్వులూ మెరుపులూ ఉన్న టీషర్టులు, ప్యాంట్లు వస్తున్నాయి. "వాటిని కత్తిరించే హక్కు నాకుందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పాపను ఎలా ఒప్పించాలి? లేక ఇక వద్దని చెప్పేయడమే మేలా?" అని అడిగారు.

అమ్మా, మీరు అడిగినది కుట్టు గురించే అయినా మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మనుషుల గురించే ఉంది, అందువల్ల ముందుగా పాప సంగతి మాట్లాడుకుందాం. సంక్రాంతి దాకా ఆ పాప అవే బట్టలు వేసుకుని ఆడుకుందని మీరే రాశారు. కాబట్టి ఆమెకు పాత బట్టంటే ఏవగింపు లేదు. నలుగురిలో తన ఒంటిమీది గౌను తనది కాదని మరొకరు చెప్పారు, దానికి బదులు చెప్పడానికి ఆమె దగ్గర మాట లేకపోయింది. ఆ చిన్నబుచ్చుకోవడమే ఇప్పుడు "నాకొద్దు" అన్న మాటగా బయటికి వస్తోంది. దీన్ని మొండితనమనుకుని బలవంతంగా తొడిగితే ఈ ఏడాదికి పని జరగవచ్చు గాని, రేపు మీరు ఎంత కష్టపడి కుట్టినదాన్నైనా ఆమె ఆ కోపంతోనే చూస్తుంది.

ఏడేళ్ల పిల్లకు ఒక వస్తువు తనదనిపించాలంటే ఎంపికలో తన మాట చెల్లాలి. ఇన్నాళ్లూ సంచి వచ్చేది, మీరు తీసి తొడిగేవారు, మధ్యలో ఆమెను అడిగినవారు లేరు. ఈసారి బట్టలన్నీ ఉతికి, మంచం మీద పరిచి, ఏవి కావాలో ఏవి వద్దో ఆమెనే తేల్చమనండి. వద్దన్నవి నిజంగా వద్దన్నట్టే ఉండాలి. మీకు బాగా నచ్చిన గౌనునే ఆమె పక్కకు తోసేయవచ్చు, అప్పుడు మీరు మనసు చంపుకుని ఊరుకోవాలి. "ఇది మాత్రం చాలా బాగుంది కదా" అని మెల్లగా మళ్లీ ముందుకు నెడితే, అడగడం ఉత్తుత్తిదేనని పిల్ల వెంటనే పసిగడుతుంది. ఉంచుకున్నవాటిలో గుండీలు ఏ రంగువి వేయాలి, జేబు ఉండాలా వద్దా, కింద కుచ్చు ఏ గుడ్డతో పెట్టాలి అన్నవి ఆమెకే వదిలేయండి. పాతదాన్ని కొత్తదని మాత్రం చెప్పకండి. "ఇది ఒకప్పుడు వదినది, ఇప్పుడు మా అమ్మ నాకోసం మార్చి కుట్టింది" అని ఆమె నలుగురిలో తలెత్తి చెప్పగలగాలి. ఆ పదేళ్ల అమ్మాయినీ తప్పుపట్టకండి. తన ఇష్టమైన గౌను ఉన్నట్టుండి మరొకరి ఒంటిమీద కనిపిస్తే ఆ వయసులో ఎవరైనా ఆ మాటే అంటారు.

మన ఇళ్లలో ఒకరి బట్ట ఒకరు వేసుకోవడం చిన్నతనమేమీ కాదు. చాలా కుటుంబాల్లో పుట్టిన బిడ్డకు మొదట తొడిగేది, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన పాత బట్టనే, పురుడు తీరిన తరువాతే కొత్తవి వేస్తారు. అయితే ఈ సంగతి పాపకు పాఠంలా చెప్పవద్దు, మీ మనసులోని సంకోచం పోవడానికి మాత్రమే చెబుతున్నాను. మీ ఉత్తరంలో రెండు చోట్ల "మా పరిస్థితి ఇంతే" అని రాశారు. పిల్లలు మన ముఖం చూసే ఆ మాటను చదువుకుంటారు.

ఇక హక్కు మాట. ఇచ్చిన బట్ట మీదే, న్యాయంగా చూస్తే ఎవరినీ అడగనక్కరలేదు. కాని తల్లికి బిడ్డ చిన్ననాటి బట్టల్లో కొన్నింటి మీద మమకారం ఉంటుంది, ఇచ్చేశాక కూడా అది పోదు. చెప్పకుండా కత్తిరిస్తే పని త్వరగా అవుతుంది, అయితే వేసవిలో వచ్చినప్పుడు తన కూతురు పుట్టినరోజు గౌను దిండు గలీబుగానో జేబుగానో ఆమె కంటపడితే, ఆ నొప్పిని మీరు ఎంత సర్దిచెప్పినా తీసేయలేరు. ముందుగా చెబితే ఆమె రెండు మూడింటిని వెనక్కి తీసుకోవచ్చు, లేదా "ఇచ్చేశాక నాకెందుకమ్మా" అని నవ్వేయవచ్చు. రెండింటిలో ఏది జరిగినా మీ చేతికి స్వేచ్ఛ వస్తుంది. ఫోనులో అత్తగారి ఎదుటే ఇలా అడగండి: "వదినా, పాపకు సరిపోయేలా కొన్ని మార్చి కుట్టాలనుకుంటున్నాను. మీకు దాచుకోవాలనిపించేవి ఉంటే చెప్పండి, వాటికి కత్తెర తగలనివ్వను." సంక్రాంతి నాటి మాటను ఇందులోకి లాగవద్దు. అది చెబితే ఆమె తన కూతురిని మందలిస్తుంది, ఆ మందలింపు వచ్చే పండుగకు మళ్లీ మీ పాప మీదికే తిరిగి వస్తుంది. ఆడపడుచు ఒప్పుకున్న మాట అత్తగారు స్వయంగా విన్న తరువాత ఆవిడ అభ్యంతరం కూడా చాలావరకు తీరిపోతుంది. పైగా మిషను ఆవిడది. మాసిక వేయడం, కాజాలు కుట్టడం ఆ తరం వారికి బాగా తెలిసిన పనులు, కాబట్టి చూపించమని అడగండి.

కుట్టుకు ముందు మిషను సంగతి చూడండి. మూలనపడి ఉన్న మిషనులో గుడ్డను జరిపే పళ్ల కింద దూది పేరుకుంటుంది, దాన్ని చిన్న బ్రష్షుతో తీసి, నూనె రంధ్రాల్లో మిషను నూనె చుక్కలు వేసి, మరకలు పడటం ఆగేదాకా ఒక పాత గుడ్డ మీద తొక్కండి. సూది తప్పకుండా కొత్తది వేయండి. నూలు గౌన్లకు 14వ నంబరు, పలచని గుడ్డకు 11, జీన్సుకు 16 సరిపోతాయి. ఇంట్లో పాత దారపు ఉండలు ఉంటే ఒక జానెడు తీసి రెండు చేతులతో లాగి చూడండి, పుటుక్కున తెగితే దాన్ని కుట్టుకు వాడవద్దు.

ఏ బట్ట మీద శ్రమ పెట్టాలో తేల్చుకోవడం కుట్టడం కన్నా ముఖ్యం. గౌనును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. చంకల దగ్గరా కూర్చునే చోటా పోగులు పలచబడి వెలుతురు ఎక్కువగా వస్తుంటే, మీరు ఎంత బాగా కుట్టినా ఆ చోటే చిరుగుతుంది. తరువాత పాపకు తొడిగి భుజాలు చూడండి. భుజపు కుట్టు ఆమె భుజం అంచున, లేదా అంతకు ఒక అంగుళం లోపు కిందికి నిలిస్తే, మిగతా మార్పులన్నీ తిన్నని కుట్టు వచ్చినవారు చేసుకోగలరు. అంతకన్నా జారితే చంక విప్పి, చేతులు తీసి, మళ్లీ అమర్చాలి, అది మొదట్లో మీ చేతికి మించిన పని.

వెడల్పు తగ్గించడం వినడానికి కష్టంగా ఉంటుంది గాని లెక్క తెలిస్తే సులభం. ఉదాహరణకు గౌను ఛాతీ చుట్టుకొలత 30 అంగుళాలు, పాపది 23 అనుకుందాం. ఊపిరి పీల్చుకోవడానికీ చేతులు ఆడించడానికీ మూడంగుళాల వదులు కలిపితే 26 కావాలి, అంటే నాలుగంగుళాలు ఎక్కువ ఉంది. గౌనును తిరగేసి పరిచి, ఒక్కో పక్క కుట్టు నుంచి ఒక అంగుళం లోపలికి సుద్దతో గీత గీస్తే చాలు. ముందు భాగంలో అంగుళం, వెనక భాగంలో అంగుళం కలిసి ఒక్కో పక్క రెండంగుళాలు తగ్గుతాయి. చాలామంది ఇక్కడే రెండంగుళాలు లోపలికి గీసి, బిగుతైపోయాక తల పట్టుకుంటారు. చంక కింద అంగుళం ఉన్న గీతను నడుము కిందికి వచ్చేసరికి పాత కుట్టులో కలిపేయండి. ముందు చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేసి, పాపకు తొడిగి, రెండు చేతులూ పైకెత్తమనండి. గౌను మొత్తం పైకి లేవకుండా ఉంటేనే మిషను కుట్టు వేయండి. లోపల మిగిలిన గుడ్డను కత్తిరించకండి, రెండేళ్లకు ఆమె పెరిగినప్పుడు ఆ కుట్టు విప్పితే గౌను మళ్లీ సరిపోతుంది. అసలు ఏమీ కత్తిరించకుండా, రెండు పక్క కుట్లలో రెండు పట్టీలు పెట్టి వెనక ముడి వేసుకునేలా చేసినా నడుము దగ్గర వదులు తగ్గుతుంది. పట్టీలు నడుముకే గాని మెడ దగ్గర వద్దు. ఐరోపా దేశాల పిల్లల దుస్తుల ప్రమాణాల్లో ఏడేళ్లలోపు వారి బట్టలకు మెడ దగ్గర బిగించే తాళ్లు ఉండరాదన్న నియమం ఉంది. జారుడుబల్లకో తలుపు గొళ్లేనికో తాడు చిక్కుకుంటే ప్రమాదమన్నదే దానికి కారణం.

పొడవు ఎక్కువైతే అంచును లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేయండి, మిషను కుట్టు వేస్తే తరువాత విప్పినప్పుడు ఆ గీత కనిపిస్తూ ఉంటుంది. కింద బాగా వెడల్పైన గౌన్లకు ఈ మడత ముడతలు పడుతుంది, ఎందుకంటే అంచు చుట్టుకొలత పై భాగం కన్నా ఎక్కువ. నడుము దగ్గర కుచ్చిళ్లు పెట్టిన గౌన్లకు మాత్రం అంచుకు కాస్త పైన బయటి వైపే అడ్డంగా టక్కులు, అంటే గుడ్డను సన్నగా మడిచి కుట్టే మడతలు, వేయవచ్చు. అర అంగుళం లోతు టక్కు ఒకటి వేస్తే పొడవులో అంగుళం తగ్గుతుంది. మూడు టక్కులు వరుసగా వేస్తే మూడంగుళాలు తగ్గడమే కాక అది కావాలని పెట్టిన అలంకారంలా కనిపిస్తుంది.

పొట్టి అయిన గౌనుకు కుచ్చు కలపడమే నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్పు, మీ పాప విషయంలో అదే ఎక్కువ పని చేస్తుందని కూడా నమ్ముతున్నాను. పేరంటాల్లోనూ వ్రతాల్లోనూ వచ్చిన జాకెట్టు ముక్కలు మీ బీరువాలో ఉండే ఉంటాయి. అడ్డం 36 అంగుళాలున్న ముక్క నుంచి ఐదేసి అంగుళాల వెడల్పున మూడు పట్టీలు తీసి కలిపి కుడితే సుమారు 105 అంగుళాల పొడవు వస్తుంది. కుచ్చుకు అంచు చుట్టుకొలతకు ఒకటిన్నర రెట్లు గుడ్డ కావాలి కాబట్టి, అంచు 60 అంగుళాలుంటే 90 సరిపోతుంది, ముక్కలో సగం మిగులుతుంది కూడా. పట్టీ పై అంచున పొడవు కుట్టు పెట్టి రెండు వరుసలు తొక్కి, అడుగు దారాలు మెల్లగా లాగితే కుచ్చు దానంతట అదే పడుతుంది. దాని మీదా గౌను అంచు మీదా నాలుగు సమభాగాలకు గుర్తులు పెట్టి, ఆ గుర్తులు కలిసేలా పిన్నులతో పట్టించి కుట్టండి. మడతలు పోగా నాలుగంగుళాలకు కాస్త తక్కువ పొడవు పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త: జాకెట్టు ముక్కను ముందుగా నీళ్లలో నానబెట్టి, తడి గుడ్డను తెల్లని రుమాలు మీద గట్టిగా అదిమి చూడండి. రంగు అంటితే లేత రంగు గౌనుకు దాన్ని కలపవద్దు. నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది కాబట్టి నానబెట్టడం ఆ విధంగానూ అవసరమే.

భుజాలు కుదరని గౌనును పారేయనక్కరలేదు. నడుము దగ్గరి కుట్టు విప్పితే కింది భాగం పావడా అవుతుంది. పై అంచును పావు అంగుళం, ఆపైన మరో అంగుళం లోపలికి మడిచి గొట్టంలా కుట్టి, కాస్త సందు వదిలి, పిన్నీసు సాయంతో ముప్పావు అంగుళం ఎలాస్టిక్ దూర్చండి. ఎలాస్టిక్ పాప నడుము కొలత కన్నా రెండంగుళాలు తక్కువ ఉంటే చాలు. చూసినవారికి అది ఫలానా గౌను అని గుర్తు రాదు. మీ పాపకు కావలసింది ఈ గుర్తు చెరగడమే కాబట్టి, కష్టం తక్కువైనా ఫలితం ఎక్కువగా కనిపించే మార్పులను, అంటే అంచు, నడుము, కాలరు, గుండీలను ముందు ఎంచుకోండి. లోపల ఎంత నేర్పుగా వెడల్పు తగ్గించినా బయటికి గౌను అదే గౌను.

బాబు బట్టల్లో టీషర్టుల మీద మీ మిషను పెట్టకండి. ఆ గుడ్డ సాగుతుంది, కాలి మిషను తిన్నని కుట్టు సాగదు, మొదటిసారి తల దూర్చగానే దారం పటపటా తెగుతుంది. కింది అంచును కత్తిరించి అలాగే వదిలేసినా ఆ గుడ్డ పోగులు ఊడిరాదు, లేదా వదులుగా చేత్తో కుట్టండి. మెరుపులు, పూసలు బ్లేడుతో విప్పి తీసేయండి, పిల్లవాడు చిన్నవాడు కాబట్టి సగం ఊడినవి అసలే ఉండకూడదు. వాటి వెనక మిగిలే రంధ్రాల మీద ఒక జేబు అతికితే సరి. మోకాళ్లు అరిగిన జీన్సును మోకాలి పైకి కత్తిరించి నిక్కరు చేయవచ్చు. మందమైన కుట్ల మీదికి వచ్చినప్పుడు తొక్కడం ఆపి చక్రాన్ని చేత్తో తిప్పండి, సూది విరగదు.

పట్టు పరికిణీకి మాత్రం కత్తెర పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. పిల్ల పెరుగుతుందని పరికిణీ లోపల ఒకటి రెండు మడతలు వేసి కుట్టించడం మన ఆనవాయితీ, తిరగేసి చూస్తే అవి ఉండే ఉంటాయి. అందువల్ల పొడవు మడత విప్పడంతోనో మరొకటి వేయడంతోనో కుదురుతుంది. విప్పిన చోట గీత కనిపిస్తే దాని మీద సన్నని జరీ లేసు కుట్టించవచ్చు. జాకెట్టు ఒక్కటి వేరే రంగుది, పాప కోరినది, కొత్తగా కుట్టించండి. దాన్ని దర్జీకే ఇవ్వండి. పరికిణీ ఆడపడుచు ముచ్చటగా మిగులుతుంది, జాకెట్టు పాప సొంతమవుతుంది. ఒకవేళ ఆవిడ పరికిణీ తనకే కావాలంటే సంతోషంగా మడిచి ఇచ్చేయండి.

మిగతావాటినీ దర్జీకే ఇవ్వవచ్చు గాని, విప్పి కుట్టే పనికి కొత్త కుట్టు కన్నా ఎక్కువ సమయం పడుతుందని వారు తగినట్టే అడుగుతారు. మామూలు నూలు గౌనుకు ఆ కూలి కలిపితే సంతలో కొత్త గౌను ధరకు దగ్గరవుతుంది. జిప్పు మార్చడం, భుజాలు సరిచేయడం లాంటివి ఒకటి రెండు మంచి గౌన్లకు చేయించుకుంటే చాలు. ఇక అసలు బట్టలే వద్దని చెప్పడం కూడా ఒక దారే. దానివల్ల పాప ఊపిరి పీల్చుకుంటుంది, కాని రోజువారీ బట్టల ఖర్చు మీ మీద పడుతుంది, పైగా ఇన్నేళ్లు తీసుకుని ఇప్పుడు ఎందుకు వద్దన్నారో ఆడపడుచు తర్కించుకుంటారు. మధ్యేమార్గంగా, "పాప ఎంచుకున్నన్నే తీసుకుంటాం వదినా, రెండు సంచులు మాకు ఎక్కువవుతున్నాయి" అని చెప్పి, ఆమె ఎదుటే పాపను ఎంచుకోనివ్వవచ్చు. మొహమాటం పడినా ఒకసారే కదా.

దసరాకు, సంక్రాంతికి కొత్త బట్టలు కొనే అలవాటు మాత్రం మానకండి. ఎంత బాగా కుట్టినదైనా ఆ రోజు మార్చిన గౌను వేస్తే, అందరూ కొత్తవి కట్టుకున్న చోట పాప మళ్లీ సంక్రాంతినే గుర్తుచేసుకుంటుంది. దీపావళి రాత్రికి మాత్రం పాత నూలు గౌనే మంచిది, అదీ కుచ్చులు లేనిది. నైలాను, పాలిస్టరు గుడ్డలు నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి.

మొదటి ప్రయత్నానికి పాప ఉంచుకున్నవాటిలో ఎవరికీ మమకారం లేని ఒక మామూలు నూలు గౌను తీసుకోండి, అది చెడిపోయినా నష్టం లేదు. ఆమె వద్దన్నవాటిలో గట్టిగా ఉన్నవి ఆడపడుచుకు చెప్పి మరొకరికి ఇవ్వండి. పలచబడినవాటిని బొంత కుట్టడానికి పక్కన పెట్టండి, అయితే అంతకు ముందే వాటి గుండీలు, హుక్కులు, జిప్పులు, బాగున్న లేసులు విప్పి ఒక డబ్బాలో వేసుకోండి, వచ్చే వేసవి సంచికి అవే పనికొస్తాయి.